కట్టినవాడు, కట్టేవాడు

మా అన్నయ్య చెడ్డవాడని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మంచివాడని అంటే ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ ఎన్నికల ఎండాకాలం నుంచీ అంతే. ఎవరు ఏమన్నా నాకు ఒళ్ళు మండటమే మిగిలింది.

అప్పట్లో మా ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి చోటుండేది కాదు. తలుపు తీయగానే కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్, దాని పక్కన అక్షరాల కేసులు, గోడవారగా కాగితాల బేళ్ళు. విజిటింగ్ కార్డులు, బిల్లుపుస్తకాలు, మందులషాపు కవర్లు వేసి బతికేవాళ్ళం. ఆ బతుకులోంచే అన్నయ్య కవితల పత్రిక ఒకటి నడిపేవాడు. మూడు నెలలకొకసారి అని అట్ట మీద ఉండేది, వీలైనప్పుడు వచ్చేది. కవితలు అన్నయ్య ఏరేవాడు. అక్షరాలు నేను కూర్చేదాన్ని. మడతలు పెట్టి కుట్టడం వదిన వంతు. వదిన దాన్ని పత్రిక అని ఏనాడూ అనలేదు, "సవతి" అనేది.

"ఏవండీ, సవతి ముస్తాబైందా? ఈసారైనా కాస్త నవ్వు మొహంతో ఉందా, లేకపోతే ఎప్పటిలాగే ఏడుపేనా?" అని సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగేది. అన్నయ్య ప్రూఫుల మీంచి తలెత్తకుండానే నవ్వేవాడు. వదిన వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో సంతోషమంటే అదే. ఎవరూ చదవని పత్రికను ముగ్గురం కలిసి ఒళ్ళు హూనం చేసుకుని తయారుచెయ్యడం.

ఆ ఎండాకాలం మొదట్లో ఒకరోజు టీచర్ గారు వచ్చారు. ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పేవారావిడ. అంతకుముందు మా పత్రికలో ఆవిడవి రెండు మూడు కవితలు వచ్చాయి. ఎప్పుడొచ్చినా గుమ్మంలో నిలబడే మాట్లాడి వెళ్ళే మనిషి, ఆ రోజు లోపలికొచ్చి కాగితాల బేలు మీద కూర్చున్నారు. సంచిలోంచి ఒక కాగితం తీసి అన్నయ్యకిచ్చారు.

"ఇది పత్రిక వచ్చేదాకా ఆగుతుందాండీ?" అన్నారు.

అన్నయ్య చదివాడు. మళ్ళీ చదివాడు. నా చేతికిచ్చాడు.

హాజరు

కప్పు లేని గదిలో
హాజరు పిలుస్తున్నాను.
ఒక్క పేరు దగ్గర
నా గొంతు ఆగిపోతుంది.
పిల్లలు తలలెత్తి
ఆకాశం వంక చూస్తారు.
ఈ కప్పు కట్టినవాడు
ఎక్కడున్నాడో
ఎవరైనా పలకండి.

కిందటి వానాకాలంలో ఆ బడిలో మూడో తరగతి గది కప్పు కూలింది. కట్టి ఏడాది తిరగలేదు. చాలామంది పిల్లలకు దెబ్బలు తగిలాయి. సైకిలు షాపాయన కూతురు చనిపోయింది. ఎంక్వయిరీ అన్నారు, వచ్చి కొలతలు తీసుకున్నారు, పోయారు. ఆ కప్పు కట్టిన కాంట్రాక్టరు ఆ ఎన్నికల్లో నిలబడ్డాడు. ఏ గోడ చూసినా వాడి మొహమే, రెండు చేతులూ జోడించి నవ్వుతూ.

"ఆగదు టీచర్ గారూ," అన్నాడు అన్నయ్య. "దీన్ని విడిగా వేద్దాం. చిన్న కాగితం, ఒక మడత. ఊరికే పంచేద్దాం. చిట్టీ, పెద్ద అక్షరాలు తియ్యి."

"మీకేమైనా ఇబ్బంది అవుతుందేమో?" అంది వదిన టీచర్ గారితో. "మీది గవర్నమెంటు ఉద్యోగం కదా."

"నేను రోజూ ఆ హాజరు పిలుస్తున్నానమ్మా," అన్నారావిడ. "దానికంటే ఏం ఇబ్బంది?"

అక్షరాలు నేనే కూర్చాను. ప్రూఫు చూసేటప్పుడు అన్నయ్య వేలితో ఒక్కొక్క పాదం తడుముతూ, "చూడు చిట్టీ, ఎక్కడైనా ఒక్క తిట్టుందా? పేరుందా? లేవు. అందుకే ఇది వాళ్ళకు మింగుడుపడదు," అన్నాడు. ఆ మాట అన్నది కూడా అన్నయ్యే. అది నేను మర్చిపోలేను.

ఆ కాగితం మేం అనుకున్నదానికంటే దూరం వెళ్ళింది. ఆస్పత్రిలో చీటీల వరసలో నిలబడ్డవాళ్ళు చదివారు. బస్సులో ఒకరు చదివి వెనక సీటువాళ్ళకు అందించారు. ఎవరో కొంటెవాళ్ళు కాంట్రాక్టరు పోస్టర్ల కింద వరసగా అంటించారు. పైన వాడి నవ్వు మొహం, కింద "ఎక్కడున్నాడో ఎవరైనా పలకండి" అని మా పెద్ద అక్షరాలు. వదిన కూరగాయలకు వెళ్ళి ఆ గోడ చూసి వచ్చి, పడీ పడీ నవ్వింది. "ఏవండీ, నా సవతికి ఇన్నాళ్ళకు పెళ్ళికళ వచ్చింది," అంది.

అన్నయ్య పోస్టర్లున్న వీధులన్నీ నడిచి వచ్చేవాడు. నాకు తెలియదనుకునేవాడు.

ఆ తర్వాత కాంట్రాక్టరు తాలూకు మనిషి వచ్చాడు. తిడతాడనో బెదిరిస్తాడనో మేం బిగుసుకుని ఉన్నాం. వాడు అదేం చెయ్యలేదు. చెప్పులు బయట విప్పి వచ్చాడు. వాడితోపాటు సెంటు వాసన గదంతా నిండింది. సిరా వాసన కూడా అణిగిపోయింది. అందుకే మా ఇంట్లో వాడి పేరు సెంటాయన అయింది.

"నేను మిమ్మల్ని ఎన్నికల పని మీద చూడ్డానికి రాలేదండీ," అన్నాడు అన్నయ్యతో. "ఒక పాఠకుడిగా వచ్చాను."

అని మా అన్నయ్య కవిత ఒకటి చూడకుండా అప్పజెప్పాడు. మా నాన్న పోయిన ఏడాది అన్నయ్య రాసింది, పెద్ద కవిత. ఎక్కడా తడబడకుండా, ఆగవలసిన చోట ఆగుతూ, పూసగుచ్చినట్టు చెప్పాడు. అన్నయ్య చేతిలో ఉన్న ప్రూఫు కాగితం కింద పెట్టేశాడు. ఆ కవిత మా ఇంట్లో ఎవరికీ రాదు. వదినకు రాదు. అక్షరం అక్షరం కూర్చిన నాకూ రాదు.

"ఇంత రాసిన మనిషి ఈ గదిలో ఇలా సిరా పూసుకుంటూ కూర్చోవడం ఈ ఊరికే అవమానమండీ," అన్నాడు సెంటాయన. "మా ఆయన గెలిస్తే సాహిత్యానికి ఒక కమిటీ వేస్తారు. హాలు ఉంటుంది. మంచి కాగితం మీద రంగుల పత్రిక ఉంటుంది. దానికి పెద్దగా మీరు కాక ఇంకెవరుంటారు?"

వదిన టీ గ్లాసులు తీసుకుపోతూ నా వంక చూసి పెదవి విరిచింది. వాడు వెళ్ళాక, "గాలం వేసి చేపలు పట్టేవాడిలా ఉన్నాడు," అంది.

"ప్రతివాడినీ అలా తీసిపారెయ్యకు. చదువుకున్న మనిషి," అన్నాడు అన్నయ్య.

ఆ వారంలోనే అన్నయ్యకు మా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వదిన వాళ్ళ అక్క పురిటికి ఉంది. ఎన్నిసార్లు అడిగినా "పని ఉంది, పని ఉంది" అని వెళ్ళనివ్వని మనిషి, తనంతట తానే బస్సు టికెట్లు తెచ్చాడు. "చిట్టీని కూడా తీసుకెళ్ళు. ఇద్దరూ నాలుగురోజులు ఉండి రండి. ఎప్పుడూ ఈ మెషిన్ మోతేనా మీకు?" అన్నాడు. వదిన మురిసిపోయింది. దారి పొడుగునా, "మీ అన్నయ్యకు మొత్తానికి పెళ్ళాం కనిపించిందే," అని నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తక్కినవాటికి ఏ కారణమైనా చెప్పుకోవచ్చు. ఆ టికెట్లకు మాత్రం ఏ కారణమూ లేదు.

తిరిగొచ్చి బస్సు దిగేసరికి అందరి చేతుల్లోనూ మా కాగితం. అదే సైజు, అదే అంచు, అదే మడత, అడుగున మా ప్రెస్సు పేరు. అన్నయ్య మళ్ళీ వేశాడు కాబోలని సంబరంగా ఒకటి తీసుకున్నాను. అదే కవిత, అదే టీచర్ గారి పేరు. చివరి మూడు పాదాలు మాత్రం వేరు.

ఈ కప్పు కట్టేవాడు
ఇక్కడున్నాడు
అందరూ పలకండి.

వెనకవైపు తిప్పితే వాడి మొహం. రెండు చేతులూ జోడించి నవ్వుతూ.

ఇంటికి ఎలా వచ్చామో తెలియదు. అన్నయ్య గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మేం నోరు తెరవకముందే, "చూశారా? చూశారా దుర్మార్గం?" అన్నాడు. "మన పేరుతో దొంగ అచ్చు వేశారు. మన అంచు, మన అక్షరాలు అన్నీ దించేశారు. కంప్లయింటు ఇస్తాను. వదిలిపెట్టను."

ఆ మాట విని నాకు ఎంత ధైర్యం వచ్చిందో! ఆ మర్నాడు మాట్లాడకుండా ఒక్కచోట ఉండలేకపోయాను. వీధి వీధీ తిరిగాను. మందులషాపులో చెప్పాను, పిండిమరలో చెప్పాను, బడి దగ్గర టీ కొట్లో చెప్పాను. "అది మాది కాదు, దొంగ అచ్చు," అని. బిల్లుపుస్తకాలు వేయించుకునే బట్టలకొట్టాయన "పోనీలేమ్మా, ఎవరి అవసరం వాళ్ళది," అని నవ్వితే, వాడితో అంగట్లోనే గొడవ పెట్టుకుని వచ్చాను.

మధ్యాహ్నం టీచర్ గారు వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపలి గదిలో కూర్చుని, వదిన ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా అలాగే పట్టుకున్నారు.

"సైకిలు షాపాయన బడికొచ్చాడు," అన్నారు. "ఎప్పుడూ రాడు. పాప పోయాక ఆ వీధిలోంచే నడవడు. వచ్చి గుమ్మంలో నిలబడి, పిల్లలందరూ చూస్తుండగా, 'ఏం టీచరమ్మా, మా పాపను కూడా వాళ్ళకిచ్చేశావా?' అన్నాడు. అరవలేదు. అరిచినా బావుండేది."

అన్నయ్య అప్పటికి ఇంట్లో లేడు. కంప్లయింటు పని మీదే వెళ్ళాడనుకున్నాం.

"టీచర్ గారూ, మీరు ఇక్కడే కూర్చోండి," అని లేచాను. "కంప్లయింటు తేలేదాకా ఎందుకు? అసలు కవిత మళ్ళీ వేద్దాం. కూర్చిన అక్షరాలు విప్పలేదు, పేజీ చెదరకుండా దారం కట్టి అలాగే ఉంచాను. ఈ సాయంత్రానికల్లా ఊరంతా పంచేద్దాం."

నేనూ వదినా మెషిన్ దగ్గరకొచ్చాం. అక్షరాల పేజీ నేను పెట్టిన అరలోనే ఉంది. ఇనపచట్రంలో బిగించాను, సిరా రాశాను, వదిన కాగితం పెట్టింది, ఒక్కసారి తొక్కాను. మొదటి కాగితం వదినే తీసింది. చదువుతూ అలాగే నిలబడిపోయింది.

"ఏంటి వదినా, సరిగా పడలేదా?"

వదిన కాగితం నావైపు తిప్పింది. ఈ కప్పు కట్టేవాడు. ఇక్కడున్నాడు. అందరూ పలకండి.

ఎవరూ ఏమీ దించలేదు. మా అక్షరాలే. 'ఎ' తీసి 'ఇ' పెట్టి, 'డో' తీసి 'డు' పెట్టి, మిగిలిన చోట్ల సందులు కుదించి, నేను కట్టినట్టే దారం కట్టి, నేను పెట్టిన చోటే పెట్టాడు. ఎంత ఓపికగా చేశాడో!

దాచి ఉంటే దాగిపోయేది. టీచర్ గారు గోడకు అవతల ఉన్నారు. మూడు మాటలు మార్చి, అసలు కవిత వేసి ఇస్తే ఆవిడ దండం పెట్టి తీసుకువెళ్ళేవారు. నాకు ఆ ఆలోచన వచ్చింది కూడా. వదిన కొంగుతో వేళ్ళకంటిన సిరా తుడుచుకుంది. తడి ఆరని ఆ కాగితాన్ని తీసుకెళ్ళి టీచర్ గారి చేతిలో పెట్టింది.

ఆవిడ చదివారు. "ఇది వాళ్ళదే కదమ్మా?" అన్నారు అయోమయంగా.

"కాదండీ. మాది," అంది వదిన.

అన్నయ్య వచ్చేసరికి ముగ్గురం ముందుగదిలో మెషిన్ దగ్గరే ఉన్నాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. సెంటు వాసన వస్తోంది. టీచర్ గారి ఒళ్ళో కాగితం చూశాడు, మెషిన్ మీద చట్రం చూశాడు. కూర్చోవడానికి చోటు లేని ఆ గదిలో అలాగే నిలబడ్డాడు.

"మూడు మాటలు," అన్నాడు చివరికి. "తొమ్మిది పాదాల్లో మూడు మాటలు. సంపాదకుణ్ణి, నేను మాటలు మార్చనా? ఇదివరకు మీవి మార్చలేదా టీచర్ గారూ?"

"మార్చారు. నన్నడిగి మార్చారు," అన్నారావిడ.

"ఆయన నిజంగా కట్టిస్తానన్నాడు. ఆ గదే, మొట్టమొదట. నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఎక్కడున్నాడు, ఎక్కడున్నాడు అని మనం అరిస్తే పిల్లలకు కప్పొస్తుందా? ఇలాగైతే కనీసం..."

"కట్టినవాడూ కట్టేవాడూ ఒకడే కదా అన్నయ్యా," అన్నాను.

అన్నయ్య వదిన వైపు తిరిగాడు.

"మమ్మల్ని అక్క దగ్గరికి పంపింది ఇందుకా అండీ?" అంది. అంతే అడిగింది. జవాబు కోసం చూడలేదు కూడా.

టీచర్ గారు లేచారు. "మీ ఇంటి సంగతులు మీరు చూసుకోండి. నా మాటలు నాకిచ్చెయ్యండి, చాలు," అన్నారు.

నేను చట్రం విప్పాను. 'ఇ' తీసి 'ఎ' పెడుతున్నాను. అన్నయ్య నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆపలేదు. చాలా మెల్లిగా, చిన్నప్పుడు నాన్నకు చెప్పవద్దని బతిమాలే గొంతుతో, "వెయ్యి చిట్టీ, తప్పు లేదు. దొంగ అచ్చు అని వెయ్యి. నా సంగతి వద్దు. అందరూ అదే నమ్ముతున్నారు కదా," అన్నాడు.

"నేను చెబితే నమ్మారు అన్నయ్యా. పొద్దున్నించీ కాళ్ళరిగేలా తిరిగి చెప్పాను. నీ అబద్ధం నా నోటితో మోయించావు."

"నేను మీ అందరి కోసమే..."

"నువ్వు నీ కవిత అప్పజెప్పినవాడి కోసం చేశావు."

ఆ మాటకు అన్నయ్య మొహం చెంపదెబ్బ తిన్నట్టయింది. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కవిత అడుగున ఏం వెయ్యాలా అని నేను అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా ఒక్క అక్షరం తీయలేకపోయాను. వదిన వచ్చి పక్కన నిలబడింది. అన్నేళ్ళలో ఆవిడ ఆ కేసుల మీద దుమ్ము దులపడమే కానీ అక్షరం ముట్టుకున్నది లేదు.

"'స' ఎక్కడుంటుంది?" అంది.

చూపించాను. తీసి నా చేతిలో పెట్టింది.

"'ప'? దీర్ఘం ఎక్కడ?" అంటూ ఒక్కొక్కటీ అడిగి ఇచ్చింది. 'సంపాదకుడే' అన్న మాట అలా ఆవిడ చేత్తోనే వచ్చింది. కూర్చడం పూర్తయ్యాక చదివి వినిపించాను. "ఈ కవిత చివరి పాదాలను టీచర్ గారికి తెలియకుండా మార్చి అచ్చువేసింది ఈ ప్రెస్సే. మార్చింది మా సంపాదకుడే. టీచర్ గారు రాసింది ఇది."

"పేరు కూడా వేద్దామా?" అన్నాను.

"ఎందుకు? ఊరంతటికీ ఆయనొక్కడే కదా సంపాదకుడు," అంది. ఆ మాటకు నవ్వొచ్చేలా ఉంది, కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. వదిన మెషిన్ తొక్కడానికి కూర్చుంది.

మొదటి కాగితం సైకిలు షాపాయనకు ఇచ్చాం. టీచర్ గారు కొంచెం వెనక నిలబడ్డారు. ఆయన గ్రీజు చేతులు పాంటుకు తుడుచుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు. మా వాక్యాలు కూడా చదివాడు.

"మీ అన్నేనా?" అన్నాడు నాతో.

"అవును."

తల ఊపాడు. టీచర్ గారి వైపు చూసి, "తప్పుగా అన్నానమ్మా," అన్నాడు. ఆయన కొట్టు మూసి, మా సంచిలో సగం కాగితాలు తన సంచిలో వేసుకున్నాడు.

కాంట్రాక్టరు ఆఖరి సభ బడి ఆవరణలోనే పెట్టాడు. అంత తెగింపు! కప్పు కూలిన గది కనిపించకుండా దానికి అడ్డంగా ఒక పెద్ద గుడ్డ కట్టారు, దాని మీద వాడి మొహం. ఒక పిల్ల పోయిన చోటును తన మొహంతో కప్పుకున్నాడు వాడు. మేం ముగ్గురం వెనక వరసలో నిలబడ్డాం. వేదిక మీద చివరి కుర్చీలో మా అన్నయ్య ఉన్నాడు.

సెంటాయన మైకు అందుకున్నాడు. మా కాగితం వాళ్ళకు చేరే ఉంటుంది. అయినా చదవడం మానలేదు. కమ్మని గొంతుతో, ఆగవలసిన చోట ఆగుతూ టీచర్ గారి కవిత చదివాడు. "నా గొంతు ఆగిపోతుంది" అన్న చోట నిజంగానే గొంతు ఆపాడు. ఆఖరికి చెయ్యి చాచి కాంట్రాక్టరును చూపిస్తూ, "ఈ కప్పు కట్టేవాడు ఇక్కడున్నాడు! అందరూ పలకండి!" అన్నాడు.

ముందు వరసలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తగ్గుతుండగా, జనం మధ్యలోంచి సైకిలు షాపాయన లేచి నిలబడ్డాడు.

"ఏదీ కప్పు?" అన్నాడు.

పెద్ద గొంతు కాదు ఆయనది. అయినా వేదిక దాకా వినిపించింది. కాంట్రాక్టరు నవ్వు చెదరనివ్వలేదు. సెంటాయన మైకులో ఏదో సర్దిచెప్పబోయాడు. ఇంకో మూల నుంచి ఒక ఆడమనిషి, "చెప్పండి, ఏదీ కప్పు?" అంది. ఆ తర్వాత ఇంకెవరో. కాంట్రాక్టరు మనుషులిద్దరొచ్చి సైకిలు షాపాయన రెక్క పట్టుకున్నారు. వదిన జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయనకు రెండో పక్క నిలబడింది. నేనూ, టీచర్ గారూ వెళ్ళాం. ఆడవాళ్ళను ముట్టుకోవడానికి వాళ్ళు కాస్త తటపటాయించారు. ఆ సందులో ఆయన ఇంకోసారి అడిగాడు.

అన్నయ్య వంక చూశాను. తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

కాంట్రాక్టరు గెలిచాడు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా వినేవాళ్ళ మొహాలు వాడిపోతాయి. నేనేం చెయ్యను? గెలిచాడు. టీచర్ గారిని బస్సు కూడా సరిగా వెళ్ళని ఊరికి బదిలీ చేశారు. ఆవిడ సామాను లారీలో మా కాగితాల కట్ట ఒకటి వేసుకుని వెళ్ళారు. "అక్కడా బడి ఉంటుందిగా, కప్పు ఎలా ఉందో చూడాలి," అన్నారు. కూలిన గదికి కొత్త కప్పు వేశారు. ఆ పని ఎవరికి దక్కిందో నేను చెప్పక్కర్లేదు. అన్నయ్యకు కమిటీ వచ్చింది, ఆఫీసు గది వచ్చింది, నున్నటి కాగితం మీద రంగుల పత్రిక వచ్చింది. ఆఫీసు పక్కనే ఉండటానికి ఇల్లు కూడా ఇచ్చారు. వదిన రానని అనలేదు. దెబ్బలాడలేదు. ఊరికే, సామాను సర్దలేదు. అన్నయ్య రెండుసార్లు రిక్షా తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టి, ఆ తర్వాత తీసుకురావడం మానేశాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున అన్నయ్య ఒక్కడే నడిచి వచ్చాడు. చూరు కింద నిలబడి గొడుగు ముడిచాడు. చిక్కిపోయాడు. వదిన మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

జేబులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చాడు. కవిత. ఒక మనిషి వేదిక మీద కూర్చుని ఉంటాడు. కింది నుంచి ఒక తండ్రి ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ మనిషికి జవాబు తెలుసు. తన బూట్ల వంక చూసుకుంటాడు.

మంచి కవిత. అన్నయ్య రాసినవాటన్నిట్లోకీ మంచిది. అబద్ధం చెప్పలేను. చదువుతుంటే నా కళ్ళు మసకబారాయి. అదే క్షణంలో నాకు కోపం కూడా వచ్చింది. అక్కడ పెగలని నోరు ఇక్కడ ఇంత చక్కగా ఎలా పెగిలిందని.

"మీ రంగుల పత్రికలో వేసుకోలేకపోయావా?" అన్నాను.

"అందులో ఎలా వేస్తాను చిట్టీ? నీకు తెలియదా?" అన్నాడు. "మనదాంట్లో వెయ్యి."

కాగితం ఇటూ అటూ తిప్పి చూశాను. "పేరు లేదే?"

గొడుగు కొస చూస్తూ, "పేరు లేకుండా వెయ్యి," అన్నాడు.

కాగితం మడిచి అతని చేతికి తిరిగిచ్చేశాను. "పేరు రాసి తీసుకురా అన్నయ్యా, ఆ రోజే వేస్తాను."

కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వాన కాస్త తగ్గగానే వెళ్ళిపోయాడు.

వదిన లోపల్నుంచి వచ్చి, "ఎలా ఉంది?" అంది.

"చాలా బాగుంది."

"మరి?"

"పేరు పెట్టలేదు."

వదిన వెళ్ళి మెషిన్ దగ్గర కూర్చుంది. ఆ రోజు మందులషాపు కవర్లు వేసేది ఉంది.

పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. వీలైనప్పుడొకటి వస్తోంది. అన్నయ్య ఆ కవిత ఇంతవరకూ తేలేదు.